మతిమరుపు ముదిరి డిమెన్షియా అవుతుందా? కంప్యూటర్ అంచనాల గురించి బెంగళూరు తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు

మా అమ్మది హిందూపురం. రెండేళ్ల కిందట బెంగళూరులో మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు న్యూరాలజిస్ట్ ఆమె ఫైల్ మీద ‘ఎంసీఐ’ అని రాశాడు. నేను డాక్టర్ని కాను. రోజంతా డేటాతో, మోడల్స్‌తో (డేటా చూసి నేర్చుకుని అంచనాలు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు) కుస్తీ పట్టే ఉద్యోగం నాది. ఈ రెండూ తెలిసిపోయాక, మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింట్లో పెద్దవాళ్లకి మతిమరుపు మొదలైనా నాకే ఫోన్ వస్తోంది. అందరూ ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. మందూ మాకూ సంగతి మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

ఎంసీఐ అంటే ఏమిటి? మామూలు మతిమరుపుకీ దీనికీ తేడా ఏంటి?

కళ్లజోడు ఎక్కడ పెట్టామో గుర్తురాకపోవడం, పక్కింటావిడ పేరు నాలుక చివర ఆడుతూ బయటికి రాకపోవడం అరవై దాటినవాళ్లకి మామూలే. కాసేపటికి గుర్తొస్తుంది కూడా. ఎంసీఐ, అంటే మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, దానికంటే ఒక మెట్టు ఎక్కువ. పొద్దున అక్క ఫోన్ చేసిన సంగతే మధ్యాహ్నానికి ఉండదు. చెప్పిందే మళ్ళీ చెబుతారు. పరీక్ష పెడితే ఆ వయసుకీ ఆ చదువుకీ రావాల్సిన మార్కుల కంటే తక్కువ వస్తాయి. అయినా తన పనులు తాను చేసుకోగలరు. ఆ పనులు కూడా చెడి, ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తే అప్పుడు డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ అనేది డిమెన్షియా తెచ్చిపెట్టే జబ్బుల్లో ఒకటి, అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది.

అమెరికాలోని మయో క్లినిక్‌లో రొనాల్డ్ పీటర్సన్ బృందం 1999లో ఎంసీఐకి ఇచ్చిన నిర్వచనమే కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. కాగితం మీద గీత స్పష్టంగానే ఉంటుంది. ఇంట్లో అంత తేలిగ్గా దొరకదు. మా అమ్మ చారులో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. వేసి, రుచి చూసి, ‘అయ్యో, ముందే వేసినట్టున్నా’ అని ఇంకో గ్లాసు నీళ్లు, కాస్త చింతపండు రసం కలిపి సరిచేస్తుంది. డాక్టరు నన్ను అడిగింది ఉప్పు గురించి కాదు, ఆ సరిచేసుకోవడం గురించి. అది ఉన్నంతకాలం ఎంసీఐ అనే రాస్తానన్నాడు.

ఎంసీఐ అన్నారంటే డిమెన్షియా ఖాయమేనా?

ఖాయం కాదు. మెమరీ క్లినిక్‌లకి వచ్చే ఎంసీఐ వాళ్లలో ఏటా నూటికి 10 నుంచి 15 మంది దాకా డిమెన్షియాలోకి వెళతారని చాలాకాలంగా చెబుతున్న లెక్క. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పరీక్షించి కనిపెట్టినవాళ్లలో అంతకంటే తక్కువ. ఎందుకంటే క్లినిక్ దాకా వచ్చేవాళ్లకి అప్పటికే ఇబ్బంది ఎక్కువై ఉంటుంది. కొందరు ఏళ్ల తరబడి అలాగే ఉంటారు, కొందరు మళ్ళీ మామూలు మార్కుల్లోకి వచ్చేస్తారు కూడా. ఎవరు ఏ దారిలో వెళతారో ముందే చెప్పగలమా అన్నదే మెషిన్ లెర్నింగ్ (పాత డేటా నుంచి కంప్యూటర్‌కి నేర్పించే పద్ధతి) వాళ్ల ప్రశ్న.

కంప్యూటర్ అంచనా కంటే ముందు చేయించాల్సిన పరీక్షలేవి?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అందుకే నేనే పెట్టాను. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు. డిప్రెషన్ ఉందేమో చూడటం. చెవులు సరిగా వినబడుతున్నాయో లేదో. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా. వాడుతున్న మాత్రలన్నీ, నిద్రమాత్ర, అలర్జీ మాత్ర, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే మాత్రతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరు ముందు బల్ల మీద గుమ్మరించండి. వీటిలో కొన్ని మతిమరుపుని పెంచుతాయి. ఈమధ్య ఎక్కడైనా జారిపడి తలకి దెబ్బ తగిలిందేమో కూడా చెప్పండి.

అమ్మ పూర్తి శాకాహారి. బి12 అడుగంటిపోయి ఉంది. ఇంజెక్షన్లు పడ్డాక కొంత హుషారు వచ్చింది, మతిమరుపు పూర్తిగా పోలేదు. కానీ ఆ ఇంజెక్షన్లకి ముందు తీసిన మార్కులని ఏ మోడల్‌కి ఇచ్చినా అది బి12 లోటుని కూడా మెదడు అరుగుదల కింద లెక్కేసేది.

మెషిన్ లెర్నింగ్ ఇందులో చేసేది ఏమిటి?

అనుభవం ఉన్న డాక్టరు చేసేదే, ఎక్కువమంది మీద, అలుపు లేకుండా. కొన్ని వందలమంది ఎంసీఐ వాళ్లని తీసుకుని మొదటిరోజే అన్నీ కొలిచి పెడతారు: వయసు, చదువు, జ్ఞాపకశక్తి మార్కులు, ఎంఆర్ఐలో మెదడు భాగాల సైజు, రక్తంలోనో వెన్నుపాము ద్రవంలోనో అమిలాయిడ్, టౌ అనే ప్రొటీన్లు (అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునేవి), అల్జీమర్స్ రిస్క్‌తో ముడిపడ్డ ఏపీఓఈ జన్యువు ఏ రకమో. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాళ్లని వదలకుండా చూస్తారు. మూడేళ్లకి ఎవరు డిమెన్షియాలోకి మారారు, ఎవరు మారలేదు అని తేలాక, ఆ మొదటిరోజు అంకెల్లో రెండు గుంపులకీ తేడా ఎక్కడుందో కంప్యూటర్‌ని వెతకమంటారు. అది పట్టుకున్న తేడాలతో కొత్త మనిషికి ఒక అంచనా ఇస్తుంది.

ప్రపంచంలో ఈ పనికి అందరూ ఎత్తుకునేది ఏడీఎన్ఐ డేటానే. 2004లో అమెరికాలో మైకేల్ వైనర్ నాయకత్వంలో మొదలైన అల్జీమర్స్ డిసీజ్ న్యూరోఇమేజింగ్ ఇనిషియేటివ్ అది. పరిశోధకులు ఎవరు అడిగినా ఆ డేటా ఇస్తారు కాబట్టి వేలకొద్దీ పేపర్లు దాని మీదే వచ్చాయి.

వాడే పద్ధతులు చాలా ఉన్నాయి. అంకెల పట్టికల మీద ర్యాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ లాంటివి, స్కాన్ బొమ్మల మీద అయితే న్యూరల్ నెట్‌వర్క్‌లు. ఎప్పుడు మారతారో కూడా కావాలంటే సర్వైవల్ మోడల్స్. ఉద్యోగరీత్యా నాకు ఇష్టమైనవి ఇవే, ఎందుకంటే మధ్యలో మానేసినవాళ్లని ఇవి పారెయ్యవు. రెండేళ్లు వచ్చి తర్వాత రాని మనిషిని ‘మారలేదు’ అని రాసుకుంటే తప్పు. ఆయన రాకపోవడానికి కారణం జబ్బు ముదరడమే అయ్యుండొచ్చు. ‘రెండేళ్ల దాకా బాగున్నాడు, తర్వాత సంగతి తెలియదు’ అని ఉన్నది ఉన్నట్టు లెక్కలోకి తీసుకుంటాయి సర్వైవల్ మోడల్స్.

ఎంఆర్ఐ చూసి చెప్పేస్తుందా?

హిప్పోక్యాంపస్ అని, చెవుల లోపలి వైపున, మెదడు అడుగుభాగంలో చిన్న భాగం ఒకటుంది. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అది కావాలి. అల్జీమర్స్‌లో తొందరగా కుంచించుకుపోయేవాటిలో అది ఒకటి. కంప్యూటర్ దాన్ని మిల్లీలీటర్లలో కొలుస్తుంది, ఆ కొలత ఉపయోగమే. కానీ స్కాన్ ఒక్కటే చాలదు. చాలా మోడల్స్‌లో బరువంతా మోసేది పెద్ద మెషీన్లు కాదు, రెండు మామూలు సంగతులు. ఒకటి, కొన్ని మాటలు చెప్పి అరగంట తర్వాత అడిగితే ఎన్ని గుర్తున్నాయన్నది. రెండు, బిల్లులు కట్టడం, మందులు వేసుకోవడం లాంటి పనుల్లో ఇబ్బంది ఉందా అని ఇంట్లోవాళ్లని అడిగి నింపే ఫారం. స్కానింగ్‌కి వేలు ఖర్చుపెట్టే మన జనం ఈ ఫారం మాత్రం వెయిటింగ్ హాల్లో రెండు నిమిషాల్లో టిక్కులు పెట్టి ఇచ్చేస్తారు. తీరిగ్గా నింపండి. అత్తమామలతో రోజూ ఉండేది కోడలైతే ఆమె చేతే నింపించండి, వారానికోసారి వీడియో కాల్ చేసే కొడుకు చేత వద్దు.

‘80 శాతం కరెక్ట్’ అంటే మా నాన్నకి 80 శాతం ఛాన్స్ ఉన్నట్టా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూద్దాం.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బృందం ఒకటి 2024లో తమ మోడల్ ఫలితాలు ప్రచురించింది. జ్ఞాపకశక్తి పరీక్షలూ ఎంఆర్ఐ మాత్రమే వాడి, అల్జీమర్స్ వైపు వెళ్లినవాళ్లలో 82 శాతం మందినీ, వెళ్లనివాళ్లలో 81 శాతం మందినీ సరిగ్గా పట్టుకుంది. అమెరికా డేటా మీద నేర్పి, బ్రిటన్, సింగపూర్ మెమరీ క్లినిక్‌ల మీద పరీక్షించారు. మంచి పనే.

ఇప్పుడు ఎంసీఐ ఉన్న 100 మందిని తీసుకోండి. మూడేళ్లలో వాళ్లలో 30 మంది మారతారని అనుకుందాం. ఆ 30లో మోడల్ సుమారు 25 మందిని పట్టుకుంటుంది, 5 మందిని వదిలేస్తుంది. మారని 70 మందిలో 57 మందిని సరిగ్గా వదిలేసి, 13 మందికి ఊరికే గంట కొడుతుంది. మొత్తం గంట మోగింది 38 మందికి. అందులో నిజంగా మారేది 25 మంది. అంటే గంట మోగిన ప్రతి ముగ్గురిలో ఒకరికి అనవసరపు టెన్షన్.

అదే మోడల్‌ని ఆదివారం అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉచిత హెల్త్ క్యాంపు అని పెట్టి, ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్ల మీద వాడితే? 100 మందిలో మారేది ముగ్గురే అనుకోండి. ఆ ముగ్గురిలో ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. వాళ్లతో పాటు మరో 18 మంది బాగున్నవాళ్లు కూడా ‘పాజిటివ్’ కాగితం పట్టుకుని ఇంటికి వెళతారు. మోడల్ మారలేదు, దాని కరెక్ట్ శాతమూ మారలేదు, వాడిన చోటు మారిందంతే. అందుకే ఇలాంటి క్యాంపు పోస్టర్ కనబడితే నేను మెసేజ్ పెట్టి మరీ వద్దంటాను. ఆ తర్వాత వారం రోజులు నాతో కొందరు మాట్లాడరు.

డాక్టరు మీకు ‘మూడేళ్లలో 30 శాతం’ లాంటి అంకె చెబితే ఇలా అడగండి: ‘30 శాతం అని మీరు చెప్పిన వందమందిలో నిజంగా 30 మందికి వచ్చిందా, ఎక్కడైనా సరిచూశారా?’ దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. పేపర్లలో పెద్ద అక్షరాలతో వేసుకునే అక్యురసీ కంటే మనలాంటి ఇంటివాళ్లకి కావాల్సింది ఇదే.

మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టులో 99 శాతం వచ్చిందన్నాడు. నిజమేనా?

అంకె నిజమే అయ్యుంటుంది. ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లల దగ్గర నేను ఇది చాలాసార్లు చూశాను. ఒక మనిషి ఎంఆర్ఐ నుంచి పదుల కొద్దీ అడ్డుకోతల బొమ్మలు వస్తాయి. ఆ బొమ్మలన్నిటినీ పేకముక్కల్లా కలిపేసి కొన్ని నేర్చుకోవడానికి, కొన్ని పరీక్షకి అని పంచేస్తారు. దాంతో సుబ్బారావుగారి మెదడు 41వ ముక్క పాఠంలోనూ, 42వ ముక్క పరీక్షలోనూ పడుతుంది. మోడల్ జబ్బుని గుర్తుపట్టడం లేదు, సుబ్బారావుగారిని గుర్తుపడుతోంది. ప్రశ్నపత్రం లీకైన పరీక్షలాంటిది కాబట్టే దీనికి డేటా లీకేజీ అని పేరు. పిల్లల ప్రాజెక్టుల్లోనే కాదు, పారిస్ పరిశోధకుల బృందం ఒకటి 2020లో ఈ రంగంలో అచ్చయిన న్యూరల్ నెట్‌వర్క్ పేపర్లని వరసగా పరిశీలిస్తే సగానికి పైగా వాటిలో ఇలాంటి లీకు జరిగి ఉండొచ్చని తేలింది.

అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: పంచింది బొమ్మలనా, మనుషులనా?

అయితే లీకు లేకుండా గట్టిగా పరీక్షిస్తే ఎంత వస్తుంది?

దానికో పోటీ జరిగింది. టాడ్‌పోల్ ఛాలెంజ్ అని 2017లో పెట్టారు. గమ్మత్తు ఏంటంటే, జవాబులు అప్పటికి ఎవరి దగ్గరా లేవు. ముందు అంచనాలు పంపమన్నారు, ఆ తర్వాతే ఆ మనుషుల్ని మళ్ళీ పిలిచి కొలిచారు. కాబట్టి లీకయ్యే దారే లేదు. 33 బృందాలు 92 పద్ధతులతో పాల్గొన్నాయి. ఎవరు డిమెన్షియా వైపు వెళతారన్నది బాగానే చెప్పగలిగారు. మెదడులోని నీటిగదులు ఎంత పెద్దవవుతాయో కూడా చెప్పారు. కానీ జ్ఞాపకశక్తి పరీక్షలో ఫలానా మనిషికి ఎన్ని మార్కులు వస్తాయన్నది మాత్రం ఏ ఒక్క పద్ధతీ గుడ్డిగా వేసిన అంచనా కంటే గట్టిగా మెరుగని రుజువు చేసుకోలేకపోయింది. మనిషి మార్కులు రోజుకో రకంగా ఉంటాయి మరి. రాత్రి నిద్ర లేకపోయినా, పొద్దున కోడలితో మాట పట్టింపు వచ్చినా తగ్గుతాయి.

అమెరికా డేటాతో నేర్చుకున్న మోడల్ మన అమ్మానాన్నలకి పనికొస్తుందా?

నా అసలు గొడవంతా దీని మీదే. ఏడీఎన్ఐలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు. మా అమ్మ ఐదో తరగతితో ఆపేసింది.

మొదటిసారి ఆమెకి పరీక్ష పెట్టిన ఆసుపత్రి పేరు చెప్పను. పెట్టిన అమ్మాయికి తెలుగు రాదు. కన్నడంలో, మధ్యమధ్య ఇంగ్లీషులో అడిగింది. హిందూపురం మనిషికి కన్నడం అర్థమవుతుంది కాబట్టి సరిపోతుందనుకున్నారు. ‘ఈరోజు తారీఖు ఎంత?’ అని అడిగితే అమ్మ, ‘ఏకాదశి కదా నాయనా, పొద్దున్నుంచి ఏమీ తినలే’ అంది. సున్నా. వందలోంచి ఏడు తీసేయండి, మళ్ళీ ఏడు తీసేయండి అంటే తొంభైమూడు దాకా వచ్చి బిత్తరపోయింది. మళ్ళీ సున్నాలు. ఇంటికొచ్చాక నేను, ‘అమ్మా, వంద నోటిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కట్ట తీసుకుంటే చిల్లరెంత?’ అన్నాను. ‘తొంభైమూడు. ఇంకో కట్ట తీసుకుంటే ఎనభైయారు. ఏడు రూపాయలకి కట్ట యాడ దొరుకుతాదిరా ఈ ఊర్లో?’ అంది.

నెల తర్వాత వేరేచోట తెలుగులో, చదువు తక్కువ ఉన్నవాళ్లకి తగ్గట్టు పెట్టిన పరీక్షలో మార్కులు బాగా పెరిగాయి. అయినా మాటలు గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పే భాగంలో తక్కువే వచ్చాయి, కాబట్టి ఎంసీఐ నిజమే. కానీ మొదటి పరీక్ష మార్కులు మోడల్‌లో వేసుంటే అది ఆమెని ఏకంగా డిమెన్షియా గట్టున దించేది. అది మోడల్ తప్పు కాదు, మనం దానికి పెట్టిన మేత తప్పు.

తెలుగులో పరీక్షలు లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, తయారుచేయించిన న్యూరోకాగ్నిటివ్ టూల్ బాక్స్ తెలుగు, కన్నడం, హిందీ, బెంగాలీ, మలయాళాల్లో ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘తెలుగులో పెట్టేవాళ్లు ఉన్నారా’ అని అడగండి. బెంగళూరులో దొరుకుతారు, ఒక్కోసారి వారం ఆగాల్సి వస్తుంది. ఆగండి.

మన డేటా కూడా ఇప్పుడిప్పుడే పోగవుతోంది, అదీ మన పక్కనే. ఐఐఎస్సీ ఆవరణలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ఉంది. వాళ్లు 2018 నుంచి కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లని, 10,000 మంది లక్ష్యంగా, ఏళ్ల తరబడి వెంట ఉండి పరీక్షిస్తున్నారు. పట్నంవాళ్లతో పోల్చడానికి బెంగళూరులో 1,000 మంది లక్ష్యంతో ఇంకో అధ్యయనం ఉంది. శ్రీనివాసపురం అంటే మనకి మామిడికాయలే గుర్తొస్తాయి. ఆంధ్ర సరిహద్దు పక్కనే కాబట్టి కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు చాలా. మా అమ్మలాంటి మనుషుల నుంచి నేర్చుకునే మోడల్ ఎప్పటికైనా వస్తే అక్కడి నుంచే రావాలని నా ఆశ.

రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లకి డిమెన్షియా రాదంటారు. నిజమా?

రాదని కాదు, ఆలస్యంగా బయటపడుతుందని. ఈ మాటకి బలమైన ఆధారం మన తెలుగు నేల మీదే పుట్టింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ‘ఎన్ని భాషలు మాట్లాడతారు’ అన్న గడి లేని డేటాతో నేర్చుకున్న మోడల్‌కి ఈ నాలుగున్నరేళ్ల సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి.

మాట తీరు విని పట్టేసే యాప్‌లు వస్తున్నాయట?

పరిశోధన జరుగుతోంది. బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 2024లో 166 మంది ఎంసీఐ వాళ్లతో జరిపిన ఇంటర్వ్యూల రికార్డింగులని అక్షరాల్లోకి మార్చి, ఆరేళ్లలో ఎవరు అల్జీమర్స్‌లోకి వెళతారో 78.5 శాతం సరిగ్గా చెప్పగలిగారు. 166 మంది అంటే చిన్న గుంపే. అందరూ మాట్లాడింది ఇంగ్లీషు. తెలుగులో క్రియ చివరికొస్తుంది, ‘అదీ... అదే... అదేందిరా’ అనేది మా రాయలసీమలో బాగున్నవాళ్లు కూడా అంటారు.

ఇలాంటి పరీక్షల్లో బాగా వాడే బొమ్మ ఒకటుంది. అందులో సింకు పొంగుతుంటే అమ్మ గిన్నెలు తుడుస్తూ ఉంటుంది, వెనకాల పిల్లాడు స్టూలెక్కి డబ్బాలోంచి బిస్కెట్లు దొంగిలిస్తుంటాడు. ఏం జరుగుతోందో చెప్పమంటారు. మా పెద్దమ్మకి చూపిస్తే, ‘ఆ పిల్లోడు పడిపోతాడు, ముందు దించమను’ అని ఊరుకుంది. నా దృష్టిలో పూర్తి మార్కులు. మోడల్‌కి ‘తక్కువ మాటలు మాట్లాడింది’ అని కనిపిస్తుంది.

రక్తపరీక్షతో తేలిపోతుందా?

పీ-టౌ 217 అనే ప్రొటీన్ కొలిచే పరీక్షలు బాగా మెరుగయ్యాయి. 2025 మే నెలలో అమెరికాలో మందులకీ పరీక్షలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ రకం రక్తపరీక్షకి మొదటిసారి అనుమతి ఇచ్చింది, అదీ లక్షణాలు ఉండి క్లినిక్‌కి వచ్చినవాళ్లకే. మెదడులో అమిలాయిడ్ పేరుకుందా లేదా అన్నది అది చెబుతుంది. ఎప్పుడు డిమెన్షియా వస్తుందో చెప్పదు. అమిలాయిడ్ ఉండి కూడా తొంభై దాకా పేపర్ చదువుకుంటూ వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. మోడల్‌కి అదొక మంచి గడి, అంతే.

ఏపీఓఈ జన్యు పరీక్ష చేయించమంటారా?

కొత్త మందు (దాని సంగతి కింద చెబుతాను) మొదలుపెట్టబోతూ డాక్టరే అడిగితే తప్ప నేనైతే చేయించను. ఈ4 రకం ఉంటే రిస్క్ పెరుగుతుంది, కానీ అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకి రాదనీ లేదు. పైగా మీ అమ్మ ఫలితం మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల ఫలితం కూడా కొంత చెప్పేస్తుంది. వాళ్లని అడిగారా?

సరే, రిస్క్ ఎక్కువ అని తెలిసింది. తెలిసి చేసేదేముంది?

కొత్త మందుల సంగతి ముందు. లెకానెమాబ్‌కి 2023లో, డోనానెమాబ్‌కి 2024లో ఎఫ్‌డీఏ పూర్తి అనుమతి ఇచ్చింది. అమిలాయిడ్ ఉందని తేలిన ఎంసీఐ, తొలిదశ అల్జీమర్స్ వాళ్లకే అవి. లెకానెమాబ్ ట్రయల్‌లో 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది. 18 మార్కుల కొలబద్ద మీద ఆ తేడా అర మార్కు కంటే కాస్త తక్కువ. మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు రావచ్చు కాబట్టి మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీయాలి. ఏపీఓఈ ఈ4 రెండు కాపీలున్నవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. అల్జీమర్స్‌కి ఇచ్చే పాత మందు డొనెపెజిల్ మాత్ర ఎంసీఐని డిమెన్షియా కాకుండా ఆపుతుందని రుజువు కాలేదు, అయినా చాలామంది చీటీల్లో ఉంటుంది.

మందుల్లేని దారి గురించి: లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో డిమెన్షియా రిస్క్ పెంచే 14 కారణాలు పేర్కొంది. అన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో చేయొచ్చని అంచనా. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, చెవుడు, చూపు తగ్గడం, ఒంటరితనం అందులోవే. ఇది లోకం మొత్తానికి వేసిన లెక్క. చెవి మిషన్ పెట్టుకోగానే మీ నాన్నకి 45 శాతం తగ్గిపోదు. కానీ మన ఇళ్లల్లో చెవి మిషన్ కొని బీరువాలో పెట్టేవాళ్లు ఎంతమంది లేరు! బెంగళూరులో ఇంకోటి కలుస్తుంది. ఊళ్లో అరుగు మీద నలుగురితో మాట్లాడిన మనిషి ఇక్కడ పదకొండో అంతస్తులో, కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్లాక, టీవీ ముందు పది గంటలు కూర్చుంటున్నారు. మా అమ్మ బాగున్న రోజులు ఏవా అని డైరీ తిరగేస్తే అవి ఎక్కువగా హిందూపురంలో ఉన్నవే. ఇది డేటా కాదు, ఒక్క మనిషి సంగతి. అయినా నెలకి పది రోజులు ఊరికి పంపుతున్నాం, మా పిన్ని పక్కింట్లోనే ఉంటుంది.

డబ్బు, ఆస్తి వ్యవహారాలు ఇప్పుడే చూసుకోవాలా?

రిస్క్ అంకె ఎంతైనా సరే, ఇప్పుడే. ఒక ముఖ్యమైన సంగతి చాలామందికి తెలియదు. నాన్నగారి దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందనుకుంటారు. మన చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ కాగితం చెల్లదు. అంటే సరిగ్గా అవసరం పడే రోజున అది పనిచేయదు. వీలునామా, బ్యాంకు ఖాతాల్లో రెండో పేరు, నామినీలు ఆయన తెలివితో ఉండగానే, ఆయన ఇష్టప్రకారమే ముగించుకోండి. ఓటీపీ అడిగే ఫోన్‌లకి ఈ దశలో ఉన్నవాళ్లు తేలిగ్గా దొరికిపోతారు, యూపీఐ పరిమితి తగ్గించి పెట్టండి.

ఆ శాతం అంకె పెద్దవాళ్లకి చెప్పాలా?

వాళ్లు అడిగితే చెప్పాలి. అడగకపోతే, తెలుసుకోవాలని ఉందా అని మనం అడగాలి. ఫైల్ వాళ్లది, మనది కాదు. మేము అడిగితే అమ్మ, ‘శాతాలు నాకెందుకు, ఇంటి దారి మరిచిపోయే రోజుకి ముందు చెప్పు, చాలు’ అంది. ఆ రోజు ఏదో ఏ మోడలూ చెప్పదని ఆమెకి చెప్పలేకపోయాను.

రిపోర్టులు చాట్‌బాట్‌లో పెట్టి అడగొచ్చా?

మాటల అర్థం తెలుసుకోవడానికి అడగండి, పేరు, ఆసుపత్రి నంబరు చెరిపేసి. ఎన్నేళ్లలో వస్తుందని మాత్రం అడగకండి. ధీమాగా ఏదో ఒకటి చెబుతుంది, రాత్రంతా మీకు నిద్ర ఉండదు.

బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి?

హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బులకి ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది, వృద్ధుల కోసం, మతిమరుపు జబ్బుల కోసం ప్రత్యేక క్లినిక్‌లున్నాయి. పొద్దున్నే వెళ్లండి, మంచినీళ్లు, తినడానికేదైనా పట్టుకెళ్లండి, రోజంతా పడుతుంది. కస్తూరినగర్‌లో నైటింగేల్స్ ట్రస్టు వాళ్ల కేంద్రం డిమెన్షియా సంరక్షణకే ఉంది. ఎవరితోనైనా ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416.

మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

ఆరు నెలల నుంచి ఏడాది మధ్య, డాక్టరు చెప్పినట్టు. ఒక్కరోజు మార్కుల కంటే రెండుసార్ల మధ్య తేడా చాలా ఎక్కువ చెబుతుంది, మోడల్‌కైనా డాక్టరుకైనా. అందుకే అదే చోట, అదే భాషలో, వీలైతే పొద్దుటిపూటే. కళ్లజోడు, చెవి మిషన్ మర్చిపోవద్దు. జ్వరమో, ఆసుపత్రిలో చేరడమో జరిగుంటే కోలుకున్నాక కొన్ని వారాలు ఆగండి.

ఇంకోటి, పరీక్షకి ముందు ఇంట్లో ప్రాక్టీస్ చేయించకండి. క్రితంసారి వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకోమన్న ఐదు మాటలు చెప్పమని అడగకముందే అమ్మ గబగబా అప్పజెప్పేసింది. పరీక్ష పెట్టే ఆమె నా వైపు చూసింది. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది తల దించుకుంది. ఏడాదిగా నానమ్మకి రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు పద్యంలా చెప్పిస్తోందట. ఆమె నవ్వి, సొరుగులోంచి ఇంకో మాటల పట్టీ తీసింది.